బయలు అనే పేరు, హానోవర్‌లో ఒక గోడ

జర్మనీ వెళ్లొచ్చి నెలన్నర అయింది. మా స్త్రీల సమాజంలో గురువారం గురువారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, "అక్కడేం చూశారు టీచరమ్మా?" అని. నదులు చూశాను, కోటలు చూశాను. వాటి ఫోటోలు ఎవరి ఫోనులోనైనా దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది ఒక పేరు గురించి. ముప్పై ఒక్క ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు ఆ పేరు చెప్పాను. బయలు. కనానీయుల దేవుడు, వాన కురిపిస్తాడని వాళ్లు నమ్మినవాడు, ఏలీయా చేతిలో నవ్వులపాలైనవాడు. ఆ పేరుకు అర్థమేమిటని నేనెప్పుడూ ఆగి చూడలేదు. చూడకపోవడం వల్ల ఏం జరిగిందో తెలుసుకోవడానికి పాలకొల్లు నుంచి అంత దూరం పోవలసి వచ్చింది.

పిలుపు కార్ల్స్‌రూహెలో ఉన్న మన తెలుగు సహవాసం నుంచి వచ్చింది. సెలవుల్లో వాళ్ల పిల్లలకు నాలుగు రోజులు వాక్యం చెప్పాలని. ప్రయాణానికి ముందు రోజు రత్నమ్మగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ మా సంఘ పెద్దగారి భార్య. కొడుకు జోయెల్ హానోవర్‌లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాడు. కోడలు దీవెన నా సండే స్కూలు పిల్లే. ఆరేళ్ల వయసు నుంచి నా ముందు బెంచీలో కూర్చుని పెరిగింది. ఫిబ్రవరిలో ఆ అమ్మాయి నాలుగేళ్ల కూతుర్ని తీసుకుని డ్రెస్డెన్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. భర్తకు ఇష్టం లేకుండానే వెళ్లింది.

డ్రెస్డెన్‌లో మనవాళ్ల చిన్న సంఘం ఒకటుంది. జోయెల్ వాళ్లకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. సొంత సంఘం నుంచి పత్రం వస్తేగాని ప్రభు బల్లలో పాలుపుచ్చుకోవడానికి వీల్లేదని వాళ్లు దీవెనకు చెప్పేశారు. నాలుగు నెలలుగా ఆ పిల్ల రొట్టె, ద్రాక్షారసం తన ముందు నుంచి దాటిపోతుంటే చూస్తూ కూర్చుంటోంది. విశ్వాసం లేనివాళ్లకు ఇది చిన్న సంగతి. మాకు కాదు.

రత్నమ్మగారు ప్లాస్టిక్ కవరులో పెట్టిన పత్రం నా చేతికిచ్చారు. "పెద్దలందరూ సంతకాలు చేశారు. సాక్షి అని ఉన్న చోట మీరు పెట్టాలి. మొగుడి దగ్గరికి తిరిగెళ్తానంటేనే పెట్టండి. మీ మాట జవదాటదు కదా."

"మీరు బెంగ పెట్టుకోకండి. చెయ్యి పట్టుకుని హానోవర్‌లో దింపే వస్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కార్ల్స్‌రూహె: ఆదివారం చప్పుడు

దిగిన రోజు ఆదివారం. నన్ను పిలిపించిన షర్మిల కాకినాడ అమ్మాయి, భార్యాభర్తలిద్దరూ ఐటీలోనే. ఆరాధన వాళ్ల ఇంట్లోనే పెట్టుకున్నాం. నేను ఇంటి నుంచి కంజీర తీసుకెళ్లాను. రెండో పాట రెండో చరణంలో ఉండగా బెల్లు మోగింది. కింది అంతస్తు పెద్దాయన. ఇంట్లో వేసుకునే చెప్పులతో, ఇస్త్రీ చొక్కాతో నిలబడి, చాలా మర్యాదగా ఏదో చెప్పి వెళ్లిపోయాడు.

"ఆదివారం చప్పుడు చెయ్యకూడదు టీచర్" అంది షర్మిల. "ఖాళీ సీసాలు కూడా డబ్బాలో వెయ్యకూడదు, గలగలమంటాయని."

"మా పాలకొల్లులో ఆదివారం చప్పుడు లేకపోతే ఎవరో పోయారనుకుంటారమ్మా."

మెట్ల దగ్గర గోడకు అద్దంలో బిగించిన కాగితం చూపించింది. హౌసోర్డ్నుంగ్ అంటారట, ఇంటి నియమాలు. అద్దెకున్న ప్రతివాడూ దానికి కట్టుబడాల్సిందే. దాని పక్కనే మెట్లు తుడిచే వంతుల కాగితం. ఏ వారం ఎవరిదో, తుడిచాక పక్కన ఒక సంతకం. డాక్టరైనా, ఇంజినీరైనా మెట్లు తుడిచి సంతకం పెట్టాల్సిందే. నాకది ఎంతో నచ్చింది. తిరిగొచ్చాక మా చర్చి వరండాకు ఇలాంటి కాగితం ఒకటి పెట్టించాలని అక్కడే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం తర్వాత మానుకున్నాను. ఎందుకో ముందుకు వెళ్తే మీకే తెలుస్తుంది.

కింది పెద్దాయనకు మర్నాడు ఒక డబ్బా జంతికలు పంపాను. సాయంత్రానికి అదే డబ్బాలో స్ట్రాబెర్రీలు వచ్చాయి. డబ్బా కడిగి, తుడిచి మరీ పంపాడు.

జూన్ నెలలో అక్కడ వీధి మూలల్లో తెల్లటి కాడలు అమ్ముతారు. స్పార్గెల్. కిలో పన్నెండు యూరోలు. మనసులో రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. పీచు తీసి, ఉడకబెట్టి, వెన్న పోసి పెట్టారు. మెత్తగా ఉంది, తీయగా ఉంది, ఉప్పు లేదు. మనం మునక్కాడను పెరట్లోంచి కోసుకుంటూ దాని విలువ తెలియక బతుకుతున్నాం అనిపించింది. అక్కడ ఏషియన్ షాపులో రెండు మునక్కాడలు మూడు యూరోలు.

పిల్లలు పన్నెండుమంది. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతారు. షర్మిల మధ్యలో నిలబడి అటుదిటు, ఇటుదటు. బుధవారం కర్మెలు కొండ పాఠం. కుర్చీలతో రెండు బలిపీఠాలు కట్టించాను. బయలు ప్రవక్తలు గంతులు వేశారు, అరిచారు. ఏలీయా వేళాకోళం చేశాడు, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో అని. అందరూ నవ్వారు. షర్మిల కూతురు హన్నా మాత్రం నవ్వలేదు. పదకొండేళ్ల పిల్ల. చెయ్యెత్తింది.

"టీచర్, మా స్కూల్లో రెలిగియోన్ క్లాసులో చెప్పారు. బయలు అంటే అసలు పేరు కాదంట. హెర్ అంట. ప్రభువు. మనం కూడా దేవుణ్ణి హెర్ అనే పిలుస్తాం కదా. మరి ఏలీయాకి ఎందుకు కోపం?"

పక్కనున్న పిల్ల జర్మన్‌లో ఏదో అంది, క్లాసంతా పగలబడి నవ్వింది. ఏమందని అడిగాను. షర్మిల మొహమాటపడుతూ చెప్పింది: "స్టేషన్లో మగవాళ్ల టాయిలెట్ తలుపు మీద కూడా అదే మాట ఉంటుందంటోంది టీచర్."

నవ్వు సర్దుకున్నాక హన్నా ఇంకా చెయ్యి దించలేదు. నాకు తెలిసిన సంగతులు కొన్ని గుర్తొచ్చాయి. గిద్యోనుకున్న రెండో పేరులో ఆ మాట ఉంది. సౌలు కొడుకు పేరులో ఉంది. తర్వాతి లేఖకులు ఆ కొడుకు పేరు రాసేటప్పుడు ఆ ముక్క తీసేసి, దాని బదులు సిగ్గు అనే మాట పెట్టారు. దావీదంతటివాడు ప్రభువు తనకు గెలుపిచ్చిన చోటికి ఆ మాటతోనే పేరు పెట్టాడు. ఇవన్నీ నేను చదివినవే. పిల్లలకు తికమక అని దాటేసేదాన్ని. నా దగ్గర తికమక ఉంది గాని జవాబు లేదు.

"రేపు చెబుతాను" అన్నాను.

గురువారం వేరే పాఠం ఎత్తుకున్నాను. చివర్లో ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది. "రేపు అన్నారు. ఇవాళే రేపు."

"హానోవర్, డ్రెస్డెన్ పోయి మంగళవారం ఇక్కడికే వస్తాను. అప్పుడు చెప్పకుండా విమానం ఎక్కను" అని మాటిచ్చాను. పిల్లలకిచ్చిన మాట తప్పడం నాకు అలవాటు లేదు.

రైల్లో, తర్వాత అద్దం ముందు

జర్మనీ రైళ్లు సెకను తప్పవని మన దగ్గర చెప్పుకుంటారు. నేనెక్కిన రైలు యాభై నిమిషాలు ఆలస్యం. ఎదుటి సీటు పెద్దమనిషి కాళ్ల దగ్గర దూడంత కుక్క. టిక్కెట్లు చూసే అమ్మాయి వచ్చి కుక్క టిక్కెట్టు కూడా అడిగింది. ఆయన తీసి చూపించాడు. కుక్క ఆవిడకేసి చూసి తోక ఊపింది, తన లెక్క సరిగానే ఉందన్నట్టు. ఆయన సంచిలోంచి చెర్రీపళ్లు తీసి పెట్టాడు. నేను మామిడి తాండ్ర పెట్టాను. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు. గింజలు ఎక్కడ ఊయాలో తెలియక నేను అవస్థ పడుతుంటే తన చేతిరుమాలు పరిచాడు.

హానోవర్ స్టేషన్లో జోయెల్ పువ్వులతో ఎదురొచ్చాడు. సంచీ నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఆంటీ, మీరొస్తున్నారని సెలవు పెట్టాను" అన్నాడు. మంచి పిల్లాడు. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో ఎప్పుడూ యోసేపు వేషం వాడిదే. రైలు ఆలస్యమైనా సాయంత్రం దాకా పొద్దుంది. హన్నా ప్రశ్న వాడితో చెప్పాను. వాడు ఫోనులో వెతికి, "దగ్గర్లోనే ఒక చిన్న మ్యూజియం ఉందాంటీ, కనానీయుల బయలు బొమ్మ ఉందంట. చూద్దాం పదండి" అన్నాడు.

పాత విశ్వవిద్యాలయ భవనంలో రెండు గదులు. మాతో పాటు ఇంకెవరూ లేరు. చివరి అద్దాల పెట్టెలో ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు నేను వర్ణించి వర్ణించి చెప్పినవాడు నా జానెడు కూడా లేడు. పచ్చబారిన కంచు. కుడి చెయ్యి ఎత్తి ఉంది, కొట్టబోతున్నట్టు. చేతిలో ఆయుధం ఎప్పుడో ఊడిపోయింది. ఎత్తిన చెయ్యి మాత్రం అలాగే ఉంది.

"ఇంతేనా?" అన్నాను.

కుర్చీలో కూర్చున్న కాపలా ముసలావిడ లేచి వచ్చింది. చీరకట్టు చూసి ముచ్చటపడి మాట కలిపింది. వయసులో ఉండగా కొన్నేళ్లు ఇశ్రాయేలు దేశంలో హైఫా ఊళ్లో ఆస్పత్రిలో పనిచేసిందట. ఆవిడ చెబుతుంటే జోయెల్ తెలుగులో చెబుతున్నాడు.

"ప్రభువు అని ఒక అర్థమంట ఆంటీ. సొంతదారుడు అని ఇంకోటి. ఇంటికి, పొలానికి, ఎద్దుకి, దేనికైనా. ఒక్కో ఊరికి ఒక్కో బయలు ఉండేవాడంట, ఆ ఊరి సొంతదారుడన్నట్టు. అక్కడ ఇప్పటికీ అద్దెకిచ్చే ఇంటి ఓనర్ని ఆ మాటతోనే పిలుస్తారంట." వాడు ఆగి, ఆవిడ చెప్పింది విని, నవ్వాడు. "భర్తని కూడా అదే మాటంట ఆంటీ. భార్య తన భర్తని ఇప్పటికీ బయలు అనే అంటుందంట. చూశారా మరి."

ఆవిడ ఇంకేదో అని భుజాలు ఎగరేసింది. జోయెల్ అది తెలుగులోకి మార్చలేదు.

"ఏమంది?"

"ఏం లేదాంటీ. ఈ రోజుల్లో కొంతమంది ఆడవాళ్లు ఆ మాట అనడం మానేశారంట. ప్రతిచోటా ఉన్నదేగా."

గోడ

ఇల్లు అద్దంలా ఉంది. జోయెల్ స్వయంగా కోడికూర వండిపెట్టాడు. ఉప్పూకారం సరిగ్గా కుదిరాయి. తింటూ కళ్లెత్తితే ఎదురుగా గోడ మీద నేను వాళ్ల పెళ్లికిచ్చిన ఫలకం. ఈ ఇంటికి యజమాని క్రీస్తు అని బంగారు అక్షరాలు. మన ఇళ్లలో గుమ్మానికి ఎదురుగా ఉండేదే. నరసాపురంలో చెక్క మీద చెక్కించాను. అది చీరల మడతల మధ్య పెట్టుకుని సముద్రాలు దాటి తెచ్చుకున్నారు. కళ్లు చెమ్మగిల్లాయి.

దాని కింద ఇంకో కాగితం ఉంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగు మూలలా టేపు వేశారు. కార్ల్స్‌రూహె మెట్ల దగ్గర చూసినటువంటిదే అనుకుని, చెయ్యి కడుక్కుని దగ్గరకు వెళ్లాను.

నియమాలు. కొన్ని ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో. ట్రామ్ స్టాపు దాటి వెళ్లాలంటే ముందు చెప్పాలి. అమ్మతో ఫోన్ ఆదివారం మాత్రమే, స్పీకరులో. ఆఫీసులో మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తిన్నదీ సాయంత్రం చెప్పాలి. ఇలా పద్నాలుగు. కింద వారాల గడులు, ప్రతి గడిలో దీవెన సంతకం. గుండ్రంగా, ఒద్దికగా, నేను దిద్దించిన అక్షరాలే. ఫిబ్రవరి రెండో వారం దగ్గర సంతకాలు ఆగిపోయాయి. మిగతా గడులు ఖాళీ.

"ఇదేంటి జోయెల్?"

"క్రమశిక్షణ ఆంటీ. ఇక్కడ అందరూ సంతకం పెడతారు. మెట్లు తుడిచినా పెడతారు."

"మెట్లకి పెడతారు."

"మొదటిది చదివారా?" అన్నాడు. కోపంగా కాదు, గర్వంగా, పాఠం అప్పజెప్పేవాడిలా. "ఇంట్లో యజమాని ఒక్కరే. ఇద్దరు యజమానులున్న ఇల్లు నిలవదు. మీ మాటే ఆంటీ. పెళ్లికి ముందు తరగతుల్లో మీరు రాయించారు. నోట్సు ఇప్పటికీ దాచుకున్నాను."

రాయించాను. బోర్డు మీద సుద్దముక్కతో రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. ప్రతి ఏడూ, ప్రతి జంటకూ. ఎదురుగా కూర్చున్న ఆడపిల్లలు తలొంచుకుని రాసుకునేవారు. భర్త తన ప్రాణం పెట్టేటంతగా ప్రేమించాలన్న మాటా చెప్పేదాన్ని. అయితే అది గంట కొట్టే ముందు, నోటితో. బోర్డు మీద ఎన్నడూ రాయలేదు.

నిద్ర వస్తోందని చెప్పి గదిలోకి వెళ్లిపోయాను.

డ్రెస్డెన్: బంగారు తీగ

శనివారం పొద్దున్నే రైలెక్కి వాక్యం తెరిచాను. హోషేయ ప్రవక్త దగ్గరకు పోయాను. విడిచిపోయిన భార్యను ప్రభువు మళ్లీ ప్రేమతో దగ్గరకు తీసుకునే ఆ భాగం నాకు కంఠతా వచ్చు. అందులో ఒక మాట ఉంది. ఆ రోజున నువ్వు నన్ను బయలు అని పిలవవు, నా పెనిమిటీ అని పిలుస్తావు, అని దేవుడే అంటాడు. ఇన్నేళ్లూ దాన్ని విగ్రహాల గురించే అనుకున్నాను, అలాగే చెప్పాను. విగ్రహాల గురించీ నిజమే. కానీ నిన్న గాజుపెట్టె ముందు విన్న అర్థాలన్నీ పెట్టుకుని చదివితే ఇంకొకటి కనబడింది. సొంతదారుడనే హక్కు ఎవరికైనా ఉందంటే అది ఆయనకే ఉంది. ఆ హక్కున్న ఆయనే, భార్య తనను ఆ మాటతో పిలవడం వద్దన్నాడు. ఆయన వద్దనుకున్న మాటను నేను బోర్డు మీద రాసి రెండు గీతలు గీశాను.

రైలు దిగేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఏడవలేదు. చెయ్యాల్సిన పని కనబడుతుంటే నాకు ఏడుపు రాదు.

దీవెన స్టేషన్‌కు వచ్చింది. చిక్కింది. కూతురు ఎస్తేరు నన్ను చూసి "హలో" అని తల్లి కాళ్ల వెనక దాక్కుంది. ఒకటే గది, ఒకటే మంచం. కిటికీలో కొత్తిమీర కుండీ. చేపల పులుసు పెట్టింది.

"ఏం చేపే ఇది?"

"బంగారు తీగే టీచర్. ఇక్కడ చెరువుల్లో పెంచుతారు. క్రిస్మస్‌కి వీళ్లు కూడా ఇదే తింటారంట. చింతపండు మాత్రం ఏషియన్ షాపుది."

"గోదావరి వాసన లేదు."

"ఈ ఊరి నది ఎల్బే వాసన ఉంది. అలవాటు చేసుకోండి" అని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే.

తిన్నాక పత్రం తీసి బల్ల మీద పెట్టాను. చూడగానే అదేమిటో తెలుసుకుంది. ముట్టుకోలేదు.

"మీ అత్తగారు నన్నొకటి అడగమన్నారు. అడుగుతానని మాటిచ్చాను. తిరిగి వెళ్తావా?"

"వెళ్లనని నేనెప్పుడు అన్నాను టీచర్? ఆ కాగితం తీసెయ్యమన్నాను. ఉద్యోగం కూడా హానోవర్‌లోనే చూసుకుంటాను, కాగితం మాత్రం తియ్యి అన్నాను. తీసిన రోజే ట్రైన్ ఎక్కుతానన్నాను."

"ఏమన్నాడు?"

కాసేపు పులుసు గిన్నె మూత సర్దింది. "అది నేను రాసింది కాదు, టీచరమ్మగారు రాయించింది, తీసే అధికారం నాకు లేదు అన్నాడు."

"ఆ మాట నాదే దీవెనా."

"తెలుసు. ఆ నోట్సు నా దగ్గరా ఉంది." నావైపు చూసింది. "కొన్నాళ్లు మీ మీద కోపం ఉండేది టీచర్. ఇప్పుడు లేదు అని చెప్పలేను. తగ్గింది."

అంతకన్నా మంచి మాటకు నాకు అర్హత లేదు. రైల్లో చదివిన భాగం తీసి ఆమె ముందుపెట్టాను. చదివింది. మళ్లీ చదివింది. "ఇది మాకెప్పుడూ చెప్పలేదే మీరు" అంది.

"చదవడం రాక" అన్నాను.

బల్ల

ఆదివారం ఆరాధన అద్దెకు తీసుకున్న ఒక హాలులో. నలభై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది విద్యార్థులే. నడిపించే పాల్‌గారిది ఖమ్మం వైపు. గుమ్మంలోనే అడిగారు: "అమ్మా, ఊరికెల్లి పేపర్ తెచ్చిన్రా? ఆ బిడ్డని అట్ల కూసోపెట్టుడు మాకూ మంచిగ లేదు. కానీ పద్ధతి ఉంటది గదా."

"తెచ్చాను. పెన్ను ఇవ్వండి."

ఆయన బల్ల మీదే, అందరి ముందూ, సాక్షి అని ఉన్న చోట సంతకం చేశాను. మా పెద్దలు పెట్టిన షరతు కూడా ఆయనకు చెప్పాను. దాచి సంతకం పెట్టడం దొంగ సాక్ష్యమవుతుంది. "ఆమె తిరిగెళ్తానంటేనే పెట్టమన్నారు. వెళ్లడానికి ఆమె సిద్ధం. అడ్డున్నది ఆమె కాదు. ఆ అడ్డు ఏమిటో నేను కళ్లారా చూశాను. అందులో నా వంతు కూడా ఉంది. మా ఊళ్లో పెద్దలకు నేనే జవాబు చెప్పుకుంటాను."

ఆయన పత్రం మొత్తం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "సాక్షి చెప్పినాక ఇంకేముంది" అన్నారు.

రొట్టె వచ్చినప్పుడు దీవెన రెండు చేతులూ చాపి అందుకుంది. ఎస్తేరు తల్లి మొహంలోకి చూస్తూ జర్మన్‌లో ఏదో అడిగింది. తల్లి దాన్ని దగ్గరకు లాక్కుంది.

బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి రత్నమ్మగారికి ఫోన్ చేశాను.

"సంతకం పెట్టానండి."

"దేవునికి స్తోత్రం. తిరిగొస్తానందా?"

"అడగాల్సింది ఆమెను కాదండి. మీ అబ్బాయిని అడగాలి, గోడ మీది కాగితం తీస్తావా అని."

"కాగితమేంటి?" అన్నారు. చెప్పాను. పద్నాలుగూ చెప్పాను. అన్నీ విన్నారు. తర్వాత, "మా ఆయన కాగితాలు రాయలేదు. అంతే తేడా" అని పెట్టేశారు. ఆ మాట కోపంతో అన్నారో, మరెలా అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

మళ్లీ హానోవర్

సోమవారం జోయెల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్ల మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మెట్లు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో తుడిచి సంతకం పెట్టారు.

లోపలికి వెళ్లి గోడ ముందు నిలబడ్డాం. "జోయెల్, నేను నేర్పింది తప్పు. సగం చెప్పాను. సగం చెప్పడం అబద్ధం చెప్పడం లాంటిదే. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఇక ఆ కాగితం నాది కాదు, నీదే. తీస్తావో ఉంచుతావో నువ్వే చెప్పాలి." హోషేయలోని మాట చదివి వినిపించాను.

వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆంటీ, మీరు కూడా అటే వెళ్లిపోయారా?"

"నేను వాక్యం వైపే ఉన్నాను. ఇన్నాళ్లూ ఉన్నాననుకున్నాను, ఇప్పుడు వచ్చాను."

వాడు కదల్లేదు. అప్పుడు కుర్చీ జరుపుకుని ఎక్కాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, చీర, షుగరు. వాడు కంగారుగా కుర్చీ పట్టుకున్నాడు, పడిపోతానని. కాగితం ముట్టుకోలేదు. పైనున్న ఫలకాన్ని మేకు నుంచి దించాను.

"ఇది నేనిచ్చిన కానుక. దీని పేరు చెప్పుకుని కిందది బతుకుతోంది. క్రీస్తు యజమానిగా ఉన్న ఇంట్లో ఆయనేం చేశాడో తెలుసుగా? తువ్వాలు కట్టుకుని కాళ్లు కడిగాడు. నువ్వు కావాలనుకున్న రోజు అడుగు, పంపిస్తాను."

వాడు నన్ను స్టేషన్ దాకా దింపాడు. దారంతా నా సంచీ వాడే మోశాడు. రైలు కదిలేముందు తలుపు దగ్గరకు వచ్చి, "నీళ్ల సీసా కొన్నారా ఆంటీ?" అని అడిగాడు. కొనలేదు. పరిగెత్తుకెళ్లి తెచ్చిచ్చాడు.

కార్ల్స్‌రూహె: రేపు అన్న రోజు

మంగళవారం సాయంత్రం హన్నాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. షర్మిల సాయం పట్టింది.

"నువ్వడిగిన రోజు నాకు తెలీదమ్మా. మీ స్కూల్లో చెప్పింది నిజమే. ఆ మాటకు ప్రభువనే అర్థం. సొంతదారుడనీ, భర్త అనీ కూడా. ఏలీయాకు కోపం ఆ మాట మీద కాదు. జనం పొద్దుట్నుంచి పిలిచినా ఆ బయలు పలకలేదు. పలకనివాడిని ప్రభువని మొక్కుతున్నారని కోపం. మన దేవుడు పిలిస్తే పలుకుతాడు. ఆయన మనందరికీ సొంతదారుడే, అయినా తన జనంతో అన్నాడు, నన్ను ఆ మాటతో పిలవద్దు, ప్రేమగా పిలిచే మాటతో పిలవండి అని."

హన్నా ఆలోచించింది. "అంటే దేవుడు పేరు మార్చుకున్నాడా?"

"అలాగే అనుకో."

"ఇక్కడ పేరు మార్చుకోవాలంటే చాలా నెలలు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకదు" అంది. తర్వాత, "బాగుంది" అంది. నాకు మార్కులు వేసినట్టు.

ఇంటికి వచ్చాక

సంఘ పెద్దల ముందు నిలబడి చేసింది చేసినట్టు చెప్పాను. ఒకరిద్దరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది మెచ్చుకోలేదు. పెళ్లికి ముందు తరగతులు ఈ ఏడాది వేరేవాళ్లకు ఇచ్చారు. ఇచ్చినా సరే, వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటున్నాను. బోర్డు మీద సగమే రాస్తే లేచి మిగతా సగం రాయమంటాను. ఇప్పటికి రెండుసార్లు లేచాను. పాత జంటల జాబితా తీసి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్తున్నాను. నలభై మూడు ఇళ్లు. పదకొండు అయ్యాయి. ఒక ఇంట్లో టీ ఇచ్చి పంపారు, ఇంకో ఇంట్లో మగాయన లేచి బయటికి వెళ్లిపోయాడు, ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

రత్నమ్మగారు ఆరాధనలో నా దగ్గర కూర్చోవడం మానేసి వేరే వరుసకు మారారు. పోయిన ఆదివారం మళ్లీ నా వెనక బెంచీకి వచ్చారు. మాట్లాడలేదు. పాటల పుస్తకం మర్చిపోయినట్టున్నారు, నాది వెనక్కి చాపితే తీసుకున్నారు.

మొన్న జోయెల్ నుంచి ఒక ఫోటో వచ్చింది. ముక్క కూడా రాయలేదు. ఆ గోడే. పైన ఖాళీ మేకు. కింద నాలుగు మూలల టేపు ఊడదీసిన చోట సున్నం పెచ్చులు లేచి ఉన్నాయి, మధ్యలో కాగితమంత మేర గోడ కొంచెం తెల్లగా ఉంది.

ఫలకం బీరువాలోంచి తీసి, తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టాను. హానోవర్ అడ్రసు సగం రాసి కొట్టేశాను. డ్రెస్డెన్ అడ్రసు రాశాను. ఎక్కడ తగిలించాలో దీవెన చెబుతుంది.